మీ చేతులు చల్లగుండ: బాగ్దాద్‌లో మాకు దారి చూపినవాళ్లకు కృతజ్ఞతలు

బాగ్దాద్‌కు కొత్తగా పనికొచ్చిన మన తెలుగువాళ్లు అడిగిన ప్రతి చిన్న ప్రశ్నకూ ఓపిగ్గా జవాబు చెప్పిన అన్నలకు, అక్కలకు, ఇరాకీ ఇరుగుపొరుగుకు, అబూ నువాస్ వీధిలో చేపలు కాల్చే ఉస్తాలకు, అంటే ఆ పనిలో ఆరితేరినవాళ్లకు, మా అందరి తరఫున దండాలు. మీరు చెప్పినవన్నీ అక్కరకొచ్చాయి. తర్వాత వచ్చేవాళ్ల కోసం వాటినే ఇక్కడ రాస్తున్నాం.

కియాల గుట్టు విప్పిన అన్నలకు మొదటి దండం. ఊళ్లో తిరిగే చిన్న వ్యానును అక్కడ కియా అంటారు. బోర్డు కోసం చూడొద్దు, డ్రైవర్ అరిచే పేరు వినాలి. ఎక్కేముందు మనం దిగే చోటు చెప్పి, అటు పోతుందో లేదో అడగాలి. కిరాయి ముందు సీటువాళ్ల చేతికిస్తే చేతులు మారుతూ డ్రైవర్‌కు చేరుతుంది, చిల్లర కూడా అట్లాగే వెనక్కొస్తుంది. అందుకే 250, 500, 1000 దీనార్ల నోట్లు విడిగా పెట్టుకోవాలి. దిగే చోటు రాకముందే గట్టిగా "నాజిల్" అనాలి. ఆడమనిషి ఎక్కితే మగవాళ్లు జరిగి చోటివ్వడం అక్కడి మర్యాద. బస్రా వైపు వెళ్లేవాళ్లు నహ్దా గరాజ్‌కు పోవాలి. షేర్ బండి నిండాకే కదులుతుంది. పాస్‌పోర్టు, ఇఖామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు) డిక్కీలో పెట్టిన బ్యాగులో ఉంటే దారిలో ప్రతి సైతరా దగ్గర, అంటే చెక్‌పోస్టు దగ్గర, బండంతా మనకోసం ఆగాలి. అవి చొక్కా జేబులోనే ఉండాలి.

కరెంటు లెక్క నేర్పిన అక్కకు మరీ మరీ కృతజ్ఞతలు. సర్కారు లైను వతనియ్యా, వీధి జనరేటర్ మువల్లిదా. మువల్లిదాకు నెలనెలా ఆంపియర్ల లెక్కన కట్టాలి. 5 ఆంపియర్లంటే 220 వోల్టుల మీద 1100 వాట్లే. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, నీళ్ల కూలర్ నడుస్తాయి. 1500 వాట్ల కెటిల్ పెట్టామా, జోజా, అంటే బ్రేకర్ స్విచ్చి, పడిపోతుంది. ఆ జోజా చాలాచోట్ల జనరేటర్ దగ్గరి బోర్డులోనే ఉంటుంది కాబట్టి మళ్లీ ఎత్తించడానికి అక్కడిదాకా నడవాల్సిందే. చాయ్ గ్యాస్ మీదే పెట్టుకోవడం మేలు.

ఇక మస్‌గూఫ్, అంటే మంట సెగకు కాల్చిన చేప. దీని గురించి ఉస్తాలు చెప్పినంత వివరంగా ఇంకెవరూ చెప్పలేరు. తొట్టిలో ఈదే రెండు కిలోల దాకా ఉన్న కార్ప్ చేపను ఎంచుకుంటారు. మనం పొట్ట కోస్తాం కదా, వాళ్లు వీపు వెంబడి కోసి, పొట్ట తెగకుండా చేటలా విప్పుతారు. కొవ్వున్న పొట్ట నడిమికి వచ్చి, చేప మొత్తం పరుచుకుని సెగకు నిలుస్తుంది. గల్లు ఉప్పు పట్టించి, కొందరు చింతపండు గుజ్జు, పసుపు కూడా రాసి, మేకుల మీద నిలబెడతారు. మాంసం వైపు మంటకు ఎదురుగా ఉండాలి, మంట మాత్రం తగలొద్దు. సైజును బట్టి గంట నుంచి మూడు గంటలు పడుతుంది. తొందరపడి దగ్గరికి జరిపితే పైన మాడి, ఎముక దగ్గర పచ్చిగా మిగులుతుంది. గాలి మళ్లితే మేకుల చోటు మార్చాలి. చివర్లో చర్మం కిందికి వచ్చేలా నిప్పుల మీద పడుకోబెడితే అడుగు కరకరలాడుతుంది. కట్టె దానిమ్మదో, ఆప్రికాట్‌దో అయితేనే పొగ వాసన బాగుంటుంది. జిగురు కారే కట్టె వేస్తే చేప మొత్తం చేదెక్కుతుంది. ముళ్లు ఎక్కువ కాబట్టి చేత్తో విడదీసుకుని, రొట్టె ముక్కతో తినాలి.

పక్కన పెట్టే అంబ చూస్తే మనవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. పచ్చిమామిడి, ఉప్పు, పసుపు, మెంతి వేసి పల్చగా చేసే పచ్చడి అది. మన ఆవకాయలోలా ఆవపిండీ నూనే ముంచెత్తవు. బొంబాయితో వ్యాపారం చేసిన బాగ్దాదీ యూదుల వల్ల అక్కడికి చేరిందంటారు. ఉడికిన గుడ్డుతో సమూన్ రొట్టెలో పెట్టుకుంటే పొద్దుటి టిఫిన్ అయిపోతుంది. మన చింతపండు కూడా అక్కడ "తమ్ర్ హిందీ", అంటే హిందూ దేశపు ఖర్జూరం.

నూమీ బస్రా, అంటే ఎండు నిమ్మకాయ, పంపిన పెద్దమ్మకు ప్రత్యేకంగా చెప్పాలి. మూడు నాలుగు కప్పుల నీళ్లకు రెండు కాయలు చాలు. పగలగొట్టి, గింజలు తీసేసి, ఐదారు నిమిషాలు మరిగించి, చక్కెర కలిపి, ఇస్తికాన్ గ్లాసులో పోయాలి. గింజలు ఉంచినా, ఎక్కువసేపు మరిగించినా చేదు దిగుతుంది.

వండిపెట్టిన మగమనిషికి "ఆషత్ ఈదక్", ఆడమనిషికి "ఆషత్ ఈదిచ్" అనాలని నేర్పింది కూడా మీరే. చేతులు బతకాలి అని దాని అర్థం. మీ అందరికీ కలిపి: ఆషత్ ఈద్‌కుమ్.