ఆ ఊళ్లో ఎంత ఇల్లు కట్టనిస్తారో కనుక్కున్నావా?

చిన్నా,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్నగారి షుగర్ అదుపులోనే ఉంది. పొద్దున్నే ఆర్కే బీచ్ దాకా నడిచి వస్తున్నారు, వచ్చేటప్పుడు పూరీ తిని వస్తున్నారని నా అనుమానం. ఉగాది నాడు మాట్లాడాక నీ గొంతు వినలేదు. ఏం అడిగినా వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెడుతున్నావు. పని ఎక్కువ ఉంటుందిలే.

మొన్న మీ సుజాత అత్త వచ్చింది. నాతో పాటు కూర్చుని గోంగూర వలుస్తూ, "వదినా, మీవాడు అమెరికాలో, ఆ జార్జియాలో ఏదో చిన్న ఊళ్లో సైటు చూసుకున్నాడటగా, 380 చదరపు అడుగుల ఇల్లు కడతాడట" అంది. నాకు ముందే తెలిసినట్టు తలూపాను. అది వెళ్లాక లెక్క వేశాను. 42 గజాలు! మన హాలూ వంటిల్లూ కలిపితే అంత. నీ ఇల్లు నీ ఇష్టం, నేనేమీ అనను.

టైంపాస్‌కి నాన్నగారి ఫోన్లో కాస్త చదివాను, అంతే. సర్వీసంతా టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ప్లాన్ల ఫైళ్లు చూసినదాన్ని కదా, అలవాటు పోదు. మన దగ్గర గొడవంతా చుట్టూ ఎంత వదిలావు, ఎన్ని అంతస్తులు లేపావు అనే. ఇంత చిన్నది ఎందుకు కడుతున్నావని ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు. అక్కడ చాలా ఊళ్లలో ఇంతకంటే తక్కువ కట్టకూడదని రూలట! మీ జార్జియాలోనే కాల్‌హూన్ అనే ఊళ్లో కనీసం 1,150 చదరపు అడుగులు ఉండాలని రూలు పెట్టారట. పేదవాళ్ల కోసం 540 నుంచి 600 అడుగుల ఇళ్లు కడతామని ఒక సేవాసంస్థ వెళితే కుదరదన్నారు. వాళ్లు 2021లో కోర్టుకెక్కారు. సేవాసంస్థకే అంత తిప్పలైతే నువ్వెంత?

ఇదేం కొత్త రోగం కాదు. న్యూజెర్సీలో వేన్ అనే టౌన్‌షిప్ ఒక్క అంతస్తు ఇల్లైనా 768 అడుగులకు తగ్గకూడదంటే, 1952లో అక్కడి సుప్రీంకోర్టు సరేనంది. 1979లో అదే కోర్టు ఇంకో ఊరి కేసులో మాట మార్చింది. లోపల ఎంతమంది ఉంటారో చూడకుండా ఊరికే ఇన్ని అడుగులని గీత గీస్తే చెల్లదంది. ఊరి అందం, స్థలాల విలువ అని పైకి చెబుతారు గానీ, తక్కువ జీతం వాడు పక్కింట్లోకి రాకూడదనే లోపలి సంగతి అని నాకనిపిస్తుంది. మసాచుసెట్స్‌లో చిల్మార్క్ అనే దీవి ఊరు దీనికి రివర్సు. మూడెకరాల్లో 3,500 అడుగులు దాటితే స్పెషల్ పర్మిట్ తెచ్చుకోమని 2013లో పెట్టుకున్నారు. ఎక్కడి గోల అక్కడిది.

సైటు రిజిస్ట్రేషన్ అయిపోయిందా? అడక్కూడదనుకున్నాను, అడిగేశాను.

మీ పెదమావయ్య సంగతి నీకు పూర్తిగా తెలియదు. భీమిలి దాటాక ఒక పల్లెలో సైటు కొన్నాడు. సముద్రం కనిపిస్తుందన్నాడు, అంతే, ఎవర్నీ అడగలేదు. మేడ మీద మేడ, పైన సిటౌట్ వేసి ప్లాను గీయించుకుని నా దగ్గరికి తెచ్చాడు. అన్నయ్యా, 1991 నుంచి తీరం దగ్గర కట్టడాల మీద సీఆర్‌జడ్ అని రూలు ఉంది, సముద్రం పోటు గీతకు 200 మీటర్ల లోపల కొత్త ఇల్లు లేదు, ఆ పైన 500 దాకా కూడా ఊళ్లో పాతకాలం నుంచి ఉన్నవాళ్లకే, అదీ 9 మీటర్ల ఎత్తు, కింద ఒకటి పైన ఒకటి అని చెప్పాను. వింటేనా! మర్నాడు నాన్నగార్ని వెంటేసుకుని టేపు పట్టుకెళ్లాడు. సముద్రం బాగా వెనక్కి పోయిన పూట చూసుకుని తడి ఇసుక దగ్గర నాన్నగార్ని నిలబెట్టాడు. ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి టేపు కొస పట్టుకున్నారు, మావయ్య సరుగుడు తోటలోంచి కొలుచుకుంటూ వచ్చాడు. "230 వచ్చింది!" అని ఒకటే సంబరం. ఆ గీత ప్రభుత్వం మ్యాపులో ఉంటుంది గానీ, ఆ పూట అల ఎక్కడ ఆగితే అక్కడ కాదు కదా. సర్వేయరు వచ్చి చూస్తే సైటు సగానికి పైగా లోపలే ఉంది. ఊరివాడు కాదు కాబట్టి మిగతా సగంలోనూ కుదరలేదు. ఇప్పటికీ ప్రహరీ గోడ, తుప్పు గేటు, ఏటా ఖాళీ స్థలం పన్ను. అత్తయ్య దగ్గర భీమిలి మాటెత్తితే ఇప్పటికీ కాఫీ రాదు.

అందుకే చెబుతున్నాను, సలహా అనుకోకు. ముందు ఆ ఊళ్లో ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే జోనింగ్ ఆఫీసుకి వెళ్లి ఆ సైటు ఏ జోన్‌లో ఉంది, కనీసం ఎన్ని అడుగులు కట్టాలి అని అడుగు. నోటిమాట వద్దు, రాసిమ్మను. 400 అడుగుల లోపు ఇళ్లకు, ఇళ్లు ఎలా కట్టాలో నమూనాగా రాసిపెట్టిన అక్కడి మోడల్ కోడ్‌లో 2018 నుంచి విడిగా అనుబంధం ఉందని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మి కూర్చోకు. ఇల్లు గట్టిగా ఉందా అన్నది కోడ్ చూస్తుంది, అక్కడ కట్టొచ్చా, ఎంత కట్టాలి అన్నది జోనింగ్ చూస్తుంది. రెండూ ఒప్పుకోవాలి. చక్రాల మీద పెట్టుకుంటే గొడవ ఉండదంటారు, అప్పుడు దాన్ని బండి కిందే లెక్కేసి, ఏడాది పొడుగునా అందులో కాపురం ఉండనివ్వని ఊళ్లే చాలా ఉన్నాయట. మినహాయింపు కావాలంటే జోనింగ్ బోర్డు ముందు దరఖాస్తు పెట్టుకోవాలి, ఇరుగుపొరుగు వచ్చి వద్దనొచ్చు. డీడ్‌లో పాత షరతులేమన్నా ఉన్నాయేమో లాయరుకి చూపించు. డబ్బులు పోయినా పర్వాలేదు, లాయరుకి చూపించు.

42 గజాల్లో వంట ఎక్కడ చేస్తావు? పోపు పెడితే పక్క మీద దుప్పటి కూడా ఘాటెక్కుతుంది. నాన్నగారికి మోకాలు నొప్పి, అటక మీద పడకంటే ఎక్కలేరు. మేమేమీ వస్తామనడం లేదు. ఒకవేళ వస్తే అని.

ఒక్కడివీ ఉండడానికేనా అంత చిన్నది? అప్పులేమైనా ఉన్నాయా? ఉంటే చెప్పు, మర్రిపాలెం వాటా అద్దె డబ్బులు ముట్టుకోలేదు, అలాగే ఉన్నాయి.

ఆవకాయ పెట్టాను. ఈసారి నూనె కారకుండా రెండు కవర్లు వేయించి పంపుతాను, పాత అడ్రసుకే పంపాలా, కొత్తదా? అది చెప్పడానికైనా ఫోన్ చెయ్యి. మాకు రాత్రి తొమ్మిది దాటాక చెయ్యి, నాన్నగారి వార్తలు అయిపోతాయి. ఆ జోనింగ్ వాళ్లు ఇచ్చిన కాగితం ఉంటే ఫోటో తీసి పెట్టు, నేను చదువుతాను.

అమ్మ