బతుకమ్మకు ఆస్ట్రేలియా అడవి పూలు కోయకండి

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో బతుకమ్మ ఆడుతున్న మన ఆడపిల్లల ఫొటోలు ఏటా మీ పత్రికలో చూసి మురిసిపోతుంటాను. పోయిన ఏడు పండగకు నేను పెర్త్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. అక్కడ చూసిన దాన్ని బట్టి, ఈసారి పండగకు ముందే ఒక మాట ఆస్ట్రేలియాలోని మనవాళ్ల చెవిన వేయాలని రాస్తున్నాను.

పశ్చిమ ఆస్ట్రేలియాలో ఆగస్టు, సెప్టెంబరు నెలలు అడవి పూల కాలం. అబ్బాయి, కోడలు, మనవరాలు, నేను కారులో ఐదు రోజులు తిరిగాం. డాల్వలినూ, మొరావా, ముల్లేవా ఊళ్ల మీదుగా పోయే దారికి పేరే ‘వైల్డ్‌ఫ్లవర్ వే’. కోల్‌సీమ్ పార్కులో తెలుపు, పసుపు ఎవర్‌లాస్టింగ్ పూలు నేల కనబడకుండా పరుచుకుని ఉన్నాయి. ముట్టుకుంటే కాగితంలా గరగరలాడతాయి. పిండార్ ఊరి దగ్గర మట్టిరోడ్డు అంచున రీత్ ఫ్లవర్ చూశాం. నేలకు అతుక్కుని గుండ్రంగా పెరిగే మొక్క అది. మధ్యలో పచ్చని ఆకులు, అంచు చుట్టూ ఎరుపు, మీగడ రంగు కలిసిన పూలు. ఎవరో దండ చుట్టి నేల మీద పెట్టినట్టే ఉంది. కదిలించిన నేలలో అది బాగా మొలుస్తుంది, అందుకే రోడ్డు పక్కన కనబడుతుంది. ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పిన దాన్ని, దాని ముందు అలాగే కూర్చుండిపోయాను.

అక్కడి నుంచి వెనక్కి వస్తుంటే దారి పక్కన గులాబీ రంగు కుచ్చులు. ‘ఆపు నాయనా, గునుగు!’ అని అరిచాను. వాళ్లు దాన్ని ముల్లా ముల్లా అంటారు. మన గునుగు కుటుంబమే. దగ్గర్లోనే పసుపు పూల పొద, సెన్నా. మన తంగేడుదీ అదే ప్రజాతి. పుట్టింటి వాళ్లు ఎదురొచ్చినట్టయింది. బతుకమ్మ ఇంకా నెల రోజులు కూడా లేదు. చెయ్యి దానంతటదే కొమ్మ మీదికి పోయింది. కోడలు గబుక్కున పట్టుకుని, ‘వద్దత్తమ్మా, ఇక్కడ కోయకూడదు’ అంది.

ఆ రాష్ట్రంలో రోడ్డు పక్కనైనా సరే, లైసెన్సు లేకుండా అడవి పువ్వు కోయడం నేరం. చట్టం అలా ఉంచండి. ఆ దారిలో రెండు వైపులా గోధుమ, కనోలా అనే నూనెగింజల చేలే. ఒకప్పుడు అదంతా అడవి. కొట్టేయగా చాలాచోట్ల మిగిలింది రోడ్డుకూ చేనుకూ మధ్యనున్న సన్నని పట్టీ మాత్రమే. పువ్వైనా పిట్టైనా దాంట్లోనే బతకాలి.

లెసూర్ జాతీయ పార్కు దగ్గర కార్నబీ కాకటూలు అనే చిలుక జాతి పక్షులను చూశాం. నల్లని ఒళ్లు, తోకలో తెల్లని పట్టీ. బ్యాంక్సియా అనే పొద కాయలను ముక్కుతో చీల్చి గింజలు తింటున్నాయి. ఆస్ట్రేలియా నైరుతి మూలన తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పక్షి, అంతరించే ప్రమాదంలో ఉంది. గూటికి ముసలి చెట్ల తొర్రలు కావాలి, తిండికి ఈ పొదలు కావాలి. బ్యాంక్సియా పువ్వు కోస్తే కాయ ఉండదు, దానికి గింజ ఉండదు. చారల పిల్లలను వెంటేసుకుని పోతున్న ఈమూ కూడా కనబడింది. అది తల్లి కాదు, తండ్రి. ఈమూల్లో గుడ్లు పొదిగేదీ, పిల్లల్ని సాకేదీ మగపక్షే. ఆ సంగతి విన్నాక మా మనవరాలు దారంతా నాన్నల గురించే మాట్లాడింది.

అక్కడి తెలుగు సంఘాల వాళ్లు పండగ పిలుపులోనే ‘అడవి పూలు కోసుకురావద్దు’ అని రాయాలి. ఇక్కడి నుంచి పోయే తల్లిదండ్రులు ఎండు గునుగు, తంగేడు పెట్టెలో పెట్టుకుంటే అక్కడి ఎయిర్‌పోర్టులో తప్పకుండా చెప్పాలి, దాచకూడదు. తీసుకుపోకపోవడమే మేలు. మేము షాపులో కొన్న చామంతులు, పెరట్లోని గులాబీలతోనే తాంబాలంలో బతుకమ్మను పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టాం. మనవరాలు ముల్లా ముల్లాను కాగితం మీద గీసి, కత్తిరించి, చామంతుల మధ్య గుచ్చింది.

ఎంగిలిపూల బతుకమ్మకు కనీసం వారం ముందే ఈ ఉత్తరం వేస్తే అక్కడి వాళ్లకు అందుతుంది. దయచేసి వేయండి.

– ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, హనుమకొండ