ఉచితంగా ఇచ్చారంటే దిక్కులేనిదని కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో చెస్ ఇంజిన్ల (చెస్ ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రాముల) మీద కథనం వచ్చి పది రోజులైంది. ఎవరైనా పెద్దవాళ్లు ఖండిస్తూ రాస్తారేమోనని ఆగాను, ఎవరూ రాయలేదు. స్టాక్‌ఫిష్ అనే ఉచిత ఇంజిన్ ఎవరి సొత్తూ కాదని, అందుకే ఎవరైనా వాడుకోవచ్చని అందులో రాశారు. వాడుకోవచ్చన్నది నిజమే. ఎవరి సొత్తూ కాదన్నది మాత్రం శుద్ధ తప్పు.

నార్వేకు చెందిన టోర్డ్ రోమ్‌స్టాడ్ రాసిన గ్లౌరుంగ్ అనే ఇంజిన్‌ను తీసుకుని 2008లో ఇటలీ ప్రోగ్రామర్ మార్కో కోస్టాల్బా స్టాక్‌ఫిష్‌ను మొదలుపెట్టారు. ఆ తర్వాత వందల మంది చేయి వేశారు. ఎవరు రాసిన కోడ్ మీద వారికి హక్కు ఉంది. వాళ్లు పెట్టుకున్న జీపీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లైసెన్సు మార్చుకోమంటుంది, అమ్ముకున్నా వద్దనదు. కొన్నవాడికి సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్ రాసిన అసలు కోడ్) అందాలని, రాసినవాళ్ల హక్కుల ప్రకటన చెరపకూడదని ముఖ్యంగా అడుగుతుంది. ఈపాటి షరతు కూడా బరువైపోయిందా?

2021 ఫిబ్రవరిలో జర్మనీ సంస్థ చెస్‌బేస్ ‘ఫ్యాట్ ఫ్రిట్జ్ 2’ను దాదాపు 100 యూరోలకు అమ్మకానికి పెట్టింది. లోపలున్నది స్టాక్‌ఫిష్ కోడే, ఆట స్థితిని అంచనా వేసే న్యూరల్ నెట్‌వర్క్ మాత్రం వేరు. లైసెన్సు షరతులు పాటించలేదంటూ స్టాక్‌ఫిష్ బృందం అదే ఏడాది జులైలో మ్యూనిక్ కోర్టుకు వెళ్లింది. 2022 నవంబరులో రాజీ కుదిరింది. స్టాక్‌ఫిష్ ఉన్న ఉత్పత్తులను ఏడాదిపాటు అమ్మనని చెస్‌బేస్ ఒప్పుకుంది, లైసెన్సుల సంగతి చూసుకోవడానికి ఒక అధికారిని పెట్టుకుంది. ఎవరి సొత్తూ కానిదానికి ఇంత కేసు ఎందుకు నడుస్తుంది?

రిబ్కా అనే మరో ఇంజిన్ గురించి మీరు ఒక్క వాక్యంలో, అందరూ అందరినీ కాపీ కొడతారు అన్నట్టు రాసి వదిలేశారు. ఇది ఇంకా అన్యాయం. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబియన్ లెతుజే తన ఇంజిన్ ఫ్రూట్ 2.1 కోడ్‌ను 2005లో అందరి ముందూ పెట్టారు. దాన్ని చదివి నేర్చుకోని ఇంజిన్ ప్రోగ్రామర్ ఆ తరంలో అరుదు. నేర్చుకోవడం తప్పు కాదు. ఇప్పటి స్టాక్‌ఫిష్‌లో ఉన్న న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతి కూడా జపాన్ ఆట షోగీ కోసం యు నాసు అనే ప్రోగ్రామర్ కనిపెట్టిందే, ఆ సంగతిని వాళ్లు దాచుకోరు. రిబ్కా కథ వేరు. ప్రపంచ కంప్యూటర్ చెస్ పోటీల్లో ప్రోగ్రాం సొంతంగా రాసిందై ఉండాలి. ఇతరుల కోడ్ ఉంటే ముందే చెప్పాలి. 2007 నుంచి 2010 వరకు వరసగా నాలుగుసార్లు గెలిచిన రిబ్కాలో ఫ్రూట్, క్రాఫ్టీ అనే ఇంజిన్ల కోడ్ ఉందని 2011లో ఆ పోటీలు నడిపే సంస్థ ఐసీజీఏ తేల్చి టైటిళ్లు వెనక్కి తీసుకుంది.

చూపిన ఆధారాల్లో ఒకటి నేను మరచిపోలేను. రిబ్కాలో సమయం లెక్కలు పూర్ణసంఖ్యల్లో ఉంటాయి. ఒక్కచోట మాత్రం 0తో పోల్చాల్సింది 0.0తో పోల్చారు. ఫ్రూట్‌లో సమయం దశాంశాల్లో ఉంటుంది కాబట్టి అక్కడ 0.0 ఉండాల్సిందే. రిబ్కాలో దానికి పనే లేదు, కాబట్టి అది ఫ్రూట్ నుంచి వచ్చిందేనన్నది వాదన. ఈ వాదనను ఒప్పుకోని ప్రోగ్రామర్లూ ఉన్నారు. రిబ్కా రచయిత వాసిక్ రాజ్లిచ్ మీద ఐసీజీఏ జీవితకాల నిషేధం వేసిన తీరును 2015లో ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే నీతి కమిషన్ తప్పుపట్టింది కూడా. శిక్ష ఎక్కువైందనే నేనూ అంటాను. కానీ ఆ 0.0 అక్కడికి ఎలా వచ్చిందో నమ్మకం కలిగేలా చెప్పినవాళ్లను ఇంతవరకు చూడలేదు.

నాకు ఇంత బాధ ఎందుకంటే, నేను ఇంజినీరింగ్ కాలేజీలో ప్రోగ్రామింగ్ చెబుతాను. ఈ ఏడాది ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు వైవాలో ఒకబ్బాయి లాప్‌టాప్‌లో కోడ్ తెరిపించాను. ఫైలు పైన నిరుడు పాసై వెళ్లిన అమ్మాయి పేరు అలాగే ఉంది. ‘రిసీవ్’ స్పెల్లింగులో ఆ అమ్మాయి చేసిన తప్పు పదకొండు చోట్లా ఉన్నదున్నట్టే ఉంది. ఏంటయ్యా ఇది అంటే, "నెట్‌లో ఫ్రీగా ఉంది కదా సార్" అన్నాడు. అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులు బోర్డులు పెట్టి అమ్ముతుంటే అడిగే అధికారి లేడు. మా దగ్గర రిపోర్టులో వాక్యాలు కాపీయా కాదా అని సాఫ్ట్‌వేర్‌తో చూస్తారు, కోడ్ తెరిచి చూడమని పైవాళ్లు ఒక్కసారి కూడా అడగలేదు. మార్కులు వేసి పంపేయమంటారు. ఆ అబ్బాయి అన్న మాటే ఇప్పుడు మీ పత్రికలో అచ్చయింది. రేపు ఇంకొకడు ఆ కటింగ్ తెచ్చి నాకే చూపిస్తాడు.

మా హనుమకొండలో గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఎరిగైసి 2800 రేటింగ్ దాటినప్పటి నుంచి ఇంటికో పిల్లాడు చెస్ నేర్చుకుంటున్నాడు. వాళ్లందరి ఫోన్లలో ఉన్నది స్టాక్‌ఫిషే, పైసా ఖర్చు లేకుండా. దయచేసి వచ్చే ఆదివారం సవరణ వేయండి. మూల కొసన రెండు లైన్లు కాకుండా, కథనం వేసిన పేజీలోనే వేయండి. రోమ్‌స్టాడ్, కోస్టాల్బా, లెతుజే, నాసు పేర్లు అందులో ఉండాలి.

ఇట్లు
ఒక ఇంజినీరింగ్ కాలేజీ అధ్యాపకుడు,
హనుమకొండ