మైలేజీ కోసం ఇరిడియం ప్లగ్గులు వేయించకండి, కంపెనీ వేసినవి తీయించకండి

సంపాదకులకు నమస్కారం.

మీ వాహనాల పేజీలో ఈమధ్య స్పార్క్ ప్లగ్గుల మీద వచ్చిన సలహా చదివాను. పెట్రోలు కారు ఏదైనా సరే, మామూలు ప్లగ్గులు తీయించేసి ఇరిడియం ప్లగ్గులు వేయించుకుంటే మైలేజీ, పికప్ రెండూ పెరుగుతాయని అందులో రాశారు. నేను విజయవాడ ఆటోనగర్‌లో పెట్రోలు ఇంజన్ల పని చేసే మెకానిక్‌ని. ఆ సలహా వచ్చినప్పటి నుంచీ షెడ్డుకొచ్చిన వాళ్లు బానెట్ ఎత్తకముందే ఇరిడియం వేసేయమంటున్నారు. పేపర్లో వచ్చిందంటే జనం నమ్ముతారు, అందుకే ఈ ఉత్తరం.

ఇంజన్లో పెట్రోలుని నిప్పురవ్వతో అంటించేది స్పార్క్ ప్లగ్గు. ముందు అందులో ఏముంటుందో చూద్దాం. మామూలు ప్లగ్గులో రాగి లోపల కడ్డీలా ఉంటుంది, కొన దగ్గరి వేడిని పైకి లాగి ఇంజన్ పైభాగమైన హెడ్డులోకి పంపేయడానికి. స్పార్క్ దూకే కొన మాత్రం నికెల్ మిశ్రమం. ఇరిడియం ప్లగ్గులోనూ లోపలున్నది చాలావరకు రాగే, తెల్లటి పింగాణీ కూడా అదే అల్యూమినా. మారేది కొన ఒక్కటే. నికెల్ 1,455 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ప్లాటినం 1,768 దగ్గర, ఇరిడియం అయితే 2,446 దాకా తట్టుకుంటుంది. అందుకే నికెల్ కొనని దాదాపు 2.5 మిల్లీమీటర్ల మందంలో పెట్టాల్సి వస్తే, ఇరిడియాన్ని 0.4 నుంచి 0.7 మిల్లీమీటర్ల సన్నటి సూదిలా పెట్టినా కాలిపోకుండా నిలబడుతుంది. దాని గొప్పతనమంతా ఆ సన్నదనంలోనే ఉంది. కొన సన్నగా ఉంటే తక్కువ ఓల్టేజికే స్పార్క్ దూకుతుంది, అప్పుడే పుట్టిన మంట వేడిని లాగేసుకునే లోహం కూడా చుట్టూ తక్కువ ఉంటుంది. అంతేగానీ ఇరిడియం నుంచి పెద్ద స్పార్క్ ఏమీ రాదు. స్పార్క్‌కి బలం ఇచ్చేది, బ్యాటరీ ఓల్టేజిని వేలల్లోకి పెంచే కాయిల్.

మరి ఇరిడియం వేయించుకున్నాక బండి నిజంగానే బాగుందని చెప్పేవాళ్లు అబద్ధం చెబుతున్నారా అంటే, లేదు. వాళ్ల బండి బాగైంది నిజమే. కానీ వాళ్లు పోల్చేది దేనితో? ఎప్పుడో వేసి వదిలేసిన పాత నికెల్ ప్లగ్గుతో. అలాంటి ప్లగ్గు విప్పి చూస్తే కొన అంచులు కరిగి గుండ్రంగా అయిపోయి ఉంటాయి, నడిమి కొనకీ దానికి ఎదురుగా వంగి ఉండే ఎర్త్ కొమ్మకీ మధ్య ఖాళీనే గ్యాప్ అంటాం, కంపెనీ చెప్పిన కొలత ఉన్న ఫిల్లర్ గేజి ఆకు (సందు కొలిచే సన్నటి రేకు) గ్యాప్‌లో పెడితే వదులుగా ఆడుతుంది. గ్యాప్ పెరిగేకొద్దీ కాయిల్ ఎక్కువ ఓల్టేజి పుట్టించాలి, పుట్టించలేనప్పుడు మిస్సింగ్, అంటే స్పార్క్ తప్పిపోవడం, మొదలవుతుంది, కాలని పెట్రోలు అలాగే సైలెన్సర్లోకి పోతుంది. దాని స్థానంలో కొత్త ప్లగ్గు ఏది వేసినా, నూటయాభై రూపాయల నికెల్ ప్లగ్గు వేసినా సరే, అదే పికప్ వస్తుంది, అదే మైలేజీ వస్తుంది. మామూలు ఇంజన్‌లో మంచి నికెల్ ప్లగ్గు సరైన గ్యాప్‌తో ఉండగా దాన్ని తీసి ఇరిడియం వేస్తే, పెట్రోలు బంకులో తెలిసేంత తేడా ఏమీ ఉండదు. ఇరిడియం కొనేది ఆయుష్షు కోసం. నికెల్ ఇరవై, ముప్పై వేల కిలోమీటర్లకు అరిగిపోయే చోట ఇరిడియం లక్ష దాకా వెళ్తుంది. ధర నాలుగైదు రెట్లు ఎక్కువ. ఎందుకంటే ఈ లోహం దొరకడమే కష్టం, ప్రపంచం మొత్తం మీద ఏడాదికి వచ్చేది కొన్ని టన్నులే, అందులోనూ చాలాభాగం దక్షిణాఫ్రికా ప్లాటినం గనుల నుంచి. బాగా తిరిగే బండికి ఆ ఖర్చు గిట్టుబాటు అవుతుంది. వారానికోసారి గుడికీ సంతకీ తీసే బండికి దండగ.

ఇక మీ సలహాలో అసలు రాయని రెండో వైపు. నా దృష్టిలో ఇదే ఎక్కువ ప్రమాదం. కంపెనీ ఇరిడియమో ప్లాటినమో ఇచ్చిన బండికి, డబ్బు కలిసొస్తుందని నికెల్ వేయించుకుంటున్నారు. టర్బో ఇంజన్‌లో స్పార్క్ దూకాల్సిన గాలి బాగా ఒత్తిడిలో ఉంటుంది. సీఎన్జీకి కూడా పెట్రోలు కంటే ఎక్కువ ఓల్టేజి కావాలి, అదీగాక వేడి ఎక్కువ. అక్కడ నికెల్ కొన తొందరగా అరిగిపోతుంది, ఆ భారమంతా కాయిల్ మీద పడుతుంది. ప్లగ్గు మీద మిగిలింది వందల్లో, కాయిల్ పోతే పోయేది వేలల్లో. సీఎన్జీ టాక్సీలు నడుపుకునేవాళ్లు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఒకే మోడల్‌కి పెట్రోలు బండి ప్లగ్గు నంబరు, గ్యాప్, మార్చే దూరం వేరు, సీఎన్జీ బండివి వేరు కావచ్చు.

ప్లాటినం విషయంలో ఇంకో చిక్కుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్లు కొన్నిట్లో కాయిల్స్ రెండే ఉంటాయి, ఒక్కో కాయిల్ రెండు ప్లగ్గులకు ఒకేసారి కరెంటు ఇస్తుంది, ఒకటీ నాలుగూ ఒక జత, రెండూ మూడూ ఒక జత. ఆ జతలో ఒక ప్లగ్గులో స్పార్క్ నడిమి కొన నుంచి ఎర్త్ కొమ్మకి దూకితే, రెండోదాంట్లో ఎర్త్ కొమ్మ నుంచి నడిమి కొనకి దూకుతుంది. అంటే సగం ప్లగ్గులకి నడిమి కొన కాదు, ఎర్త్ కొమ్మే ముందు అరుగుతుంది. అలాంటి ఇంజన్లకి రెండు వైపులా ప్లాటినం ఉన్న ప్లగ్గు ఇచ్చింది అందుకే. నడిమి కొనకి మాత్రమే ప్లాటినం ఉన్నది చవగ్గా దొరికిందని వేస్తే నాలుగిట్లో రెండు ముందే పోతాయి, ఇంజన్ వణుకుతుంది, దేనివల్లో అంతుపట్టక ఇంజెక్టర్లు కడిగిస్తూ తిరుగుతారు.

మా వృత్తిలోని వాళ్లకీ ఒక మాట. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు తిరిగిన రోజుల్లో ప్లగ్గు విప్పడం, ఎమ్రీ పేపరుతో రుద్దడం, ఎర్త్ కొమ్మని తట్టి గ్యాప్ సరిచేసి మళ్లీ బిగించడం అలవాటు. అప్పుడు అది సరైన పనే. పెట్రోల్లో సీసం ఉండేది, కార్బొరేటర్ వల్ల మసి పట్టేది, కొన కూడా లావుగా ఉండేది. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లోనే ఆగిపోయింది. ఆ అలవాటు మాత్రం ఆగలేదు. అర మిల్లీమీటరు ఇరిడియం సూదిని ఎమ్రీతోనో వైర్ బ్రష్‌తోనో రుద్దితే అది ఊడిపోతుంది, లేదా దాని అంచు చెడుతుంది. గ్యాప్ చూసేటప్పుడు గేజిని కొన మీద ఆనించి కొమ్మని వంచినా అంతే. చేయి జారి కింద పడిన ప్లగ్గునీ వేయకూడదు, పింగాణీలో కంటికి కనిపించని చీలిక వచ్చి ఉండొచ్చు.

కొన ఏ లోహమన్నది ఒక్కటీ చూసుకుంటే సరిపోదు, ప్లగ్గు వేడి స్థాయి కూడా కలవాలి, అంటే కొన దగ్గరి వేడిని ఎంత త్వరగా బయటికి పంపుతుందన్నది. త్వరగా పంపేది చల్లటి ప్లగ్గు, నిదానంగా పంపేది వేడి ప్లగ్గు. ఎన్‌జీకే, డెన్సో కంపెనీల ప్లగ్గు నంబర్లో వేడి స్థాయి అంకె పెరిగితే చల్లటి ప్లగ్గు, బాష్‌లో అంకె పెరిగితే వేడి ప్లగ్గు. అంకెలు కలిశాయి కదా అని ప్లగ్గు కంపెనీ మార్చేస్తే తప్పు ప్లగ్గు పడుతుంది. మరీ చల్లటిదైతే మసి పడుతుంది. మరీ వేడిదైతే స్పార్క్ రాకముందే పెట్రోలు అంటుకుని పిస్టన్‌కే చిల్లు పడొచ్చు.

దయచేసి అదే పేజీలో సవరణ వేయండి. బండితో వచ్చిన మాన్యువల్లో ఏ ప్లగ్గు నంబరు ఉందో ఆ నంబరే, లేదా ప్లగ్గు కంపెనీ పట్టికలో ఆ బండికి సరిపోతుందని ఇచ్చిన నంబరే వేయించుకోమని రాయండి. నికెల్ ఇచ్చిన బండికి నికెల్ చాలు, ఇరిడియం ఇచ్చిన బండికి ఇరిడియమే వేయాలి. ఇరిడియం పేరుతో డూప్లికేట్లు కూడా బజారులో తిరుగుతున్నాయి కాబట్టి, ప్లగ్గు నంబరు బిల్లు మీద రాయించుకోమని, కొత్త ప్లగ్గుల డబ్బాలు, విప్పిన పాత ప్లగ్గులు మెకానిక్‌ని అడిగి తీసుకోమని పాఠకులకు చెప్పండి. మా షెడ్డులో అయితే అడగకపోయినా ఇస్తున్నాం.

ఇట్లు,
ఒక కారు మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ