రంగు గీకే ముందు: మన పాత వైసుల సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది నివేదిక ఒక తప్పుతో మొదలుపెడుతున్నాను. అది కార్యదర్శిగా నేను చేసిందే కాబట్టి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. జూన్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలో నాకు 4 అంగుళాల బెంచ్ వైస్ (పనిబల్లకు బిగించి, వస్తువును రెండు దవడల మధ్య కదలకుండా పట్టి ఉంచే ఇనప పనిముట్టు) ఒకటి దొరికింది. పైన వెండి రంగు, దాని కింద ఆకుపచ్చ, ఇంకా కింద నలుపు. ఇంటికి తెచ్చిన సాయంత్రమే గ్రైండర్‌కి ఫ్లాప్ వీల్ (గరుకు కాగితపు పట్టీల చక్రం) బిగించి, గంట తిరక్కుండానే తళతళలాడించాను. ఫోటో తీసి అందరికీ పంపాను, మెచ్చుకోళ్లు కూడా బాగానే వచ్చాయి. రాత్రి పదింటికి లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మన సభ్యులు ఫోన్ చేసి, "బాబూ, కదలని దవడ పక్కన పంచ్ కొట్టిన అక్షరాలేమైనా ఉన్నాయా?" అని అడిగారు. లైటు వేసి చూస్తే 'ఎస్' అడుగు సగం, దాని పక్కన ఒక చుక్క కనిపించాయి. మిగతాదంతా పొడై నేల మీద పడి ఉంది.

ఊడ్చి పారేశాక ఇక చేసేదేముంది? ఆ వైస్ ఏ షాపులో ఎన్నేళ్లు పనిచేసిందో చెప్పగలిగిన గుర్తు అదొక్కటే. సెప్టెంబరు సమావేశంలో మనం పెట్టుకున్న నియమానికి మూలం ఇదే: వైస్ చేతికొచ్చిన తొలి వారం దాని మీద కిరోసిన్ గుడ్డ తప్ప మరేదీ పడకూడదు. ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయాలి. తర్వాత దవడ వెడల్పు, స్క్రూ వ్యాసం, అంగుళానికి ఎన్ని మరలున్నాయి, పోతలో ఉబ్బిన అక్షరాలేమిటి, పంచ్‌తో కొట్టినవేమిటి, రంగు పొరలు ఏ వరసలో ఉన్నాయి, అన్నీ రిజిస్టర్‌లో రాయాలి. ఆ తర్వాతే పని మొదలు. ఇద్దరు ముగ్గురు "ఇదేమన్నా మ్యూజియమా?" అని గొణిగారు. వాళ్లలో ఒకరు నవంబరులో తన వైస్‌తో నా నోరు మూయించబోయి, చివరికి నియమానికే సాక్ష్యం తెచ్చిపెట్టారు. ఆ సంగతి కాస్త వివరంగానే చెప్పాలి.

మెట్టుగూడలో ఉండే ఈ సభ్యుడి ఇంట్లో తండ్రిగారి కాలం నాటి వైస్ ఉంది. నియమం ప్రకారం అన్నీ రాశాక, రంగు మీద పెయింట్ రిమూవర్ పూసి, ఇనప బ్రష్ జోలికి పోకుండా వెదురు పుల్లతో గీకారు. పక్కన ఉబ్బెత్తుగా 'రికార్డ్', 'మేడ్ ఇన్ ఇంగ్లాండ్', 3 అంకె ముందే కనిపిస్తున్నాయి. అది షెఫీల్డ్‌లోని సి. అండ్ జె. హాంప్టన్ కంపెనీ బ్రాండు. 3 నంబరంటే 4 అంగుళాల దవడ, 5 నంబరంటే 5 అంగుళాలు. ఇంతవరకు మనకు తెలిసిందే. ఆకుపచ్చ పొర కూడా పోయాక మాత్రం చిన్న పంచ్ అక్షరాలు బయటపడ్డాయి: ఎన్.ఎస్.ఆర్. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేని నిజాం ప్రభుత్వం 1930 ఏప్రిల్ 1న తన చేతిలోకి తీసుకున్నాక అది నిజాం స్టేట్ రైల్వే అయింది. 1951 నవంబరులో సెంట్రల్ రైల్వే ఏర్పడినప్పుడు అందులో కలిసింది. కాబట్టి ఆ అక్షరాలు కొట్టింది ఈ రెండు తేదీల మధ్యే అనుకోవచ్చు. దక్షిణ మధ్య రైల్వే వచ్చింది 1966 అక్టోబరు 2న, అంటే ఆ వైస్ కదలకుండా ఒకే బల్ల మీద కూర్చుని ఉన్నా మూడు రైల్వేల కింద ఉద్యోగం చేసి ఉండొచ్చు! ఇక్కడో జాగ్రత్త ఉంది. పంచ్ అక్షరం వైస్ ఎవరి కొలువులో ఉందో చెబుతుంది, ఎప్పుడు పోతపోశారో చెప్పదు. రిజిస్టర్‌లో ఈ రెండింటికీ వేర్వేరు గళ్లు పెట్టాం, దయచేసి కలిపేయకండి.

రైల్వే గుర్తున్న వస్తువు కొనేటప్పుడు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర ఉంచుకోవడం మీద 1966 నాటి చట్టమే ఉంది. మెట్టుగూడ సభ్యుడి తండ్రిగారు స్క్రాప్ వేలంలో కొన్నప్పటి రశీదు ట్రంకు పెట్టె అడుగున దొరికింది కాబట్టి సరిపోయింది. అది దొరికేదాకా వారం రోజులు ఆయనకు ఒకటే టెన్షన్. అప్పటినుంచి కాగితం లేనిది, ఎంత చవకైనా, సంఘం తరఫున కొనడం లేదు.

మన దేశంలో తయారైన వైసుల గుర్తింపు నిజానికి ఇంకా కష్టం. రికార్డ్ నమూనాను చూసి పంజాబ్ ఫౌండ్రీల్లో పోతపోసినవి మన సంతల్లో కొల్లలు. కొన్నిటి మీద పేరే ఉండదు. ఐఎస్ఐ ముద్ర, దాని పక్కన బెంచ్ వైసుల ప్రమాణమైన ఐఎస్ 2586 అంకె ఉంటే కొంత ఆధారం దొరికినట్టే. ఐఎస్ఐ సంస్థ 1947లో ఏర్పడింది, ముద్ర వేయడం 1950ల మధ్యలో మొదలైంది. అంతకు ముందుది కాదని చెప్పడానికి అది పనికొస్తుంది, అంతే. 1987లో సంస్థ పేరు బీఐఎస్‌గా మారినా ముద్ర ఐఎస్ఐగానే నడుస్తోంది కాబట్టి ఇటువైపు హద్దు దొరకదు. జా ప్లేట్లను (దవడల లోపలి వైపు బిగించే ఉక్కు పట్టీలను) పట్టే స్క్రూలు విట్‌వర్త్ మరలా (పాత ఇంగ్లిష్ అంగుళాల లెక్క), మెట్రిక్ మరలా అన్నది చూడండి. మరగేజీ పెడితే మర కోణం విట్‌వర్త్‌కి 55 డిగ్రీలు, మెట్రిక్‌కి 60 డిగ్రీలు. దవడను కదిపే పెద్ద స్క్రూని మాత్రం నమ్మొద్దు. పాత లేతుల్లో మర కోతను నడిపే లీడ్ స్క్రూ అంగుళాల లెక్కదే కాబట్టి మెట్రిక్ వచ్చాక కూడా చాలా షాపుల్లో అంగుళానికి 4 మరల లెక్కనే కోశారు. చిన్న స్క్రూలు కూడా ఎప్పుడో పోయి కొత్తవి వేసి ఉండొచ్చు కదా అంటారా? ఉండొచ్చు. అందుకే ఒక్క గుర్తు పట్టుకుని తేదీ తేల్చేయవద్దని మళ్లీ మనవి.

డాలస్‌లో ఉండే సభ్యుడు జనవరిలో వీడియో కాల్‌లో ఒక విల్టన్ వైస్ చూపించారు. తుపాకీ గుండులా గుండ్రటి వీపు ఉంటుంది కాబట్టి అక్కడ దాన్ని బుల్లెట్ వైస్ అంటారు. షికాగోలో 1941లో మొదలైన కంపెనీ అది, పేరు వీధి పేరే. కదిలే దవడను పూర్తిగా బయటికి లాగి కింది వైపు చూస్తే తేదీ ముద్ర ఉంటుంది. ముందు 'గ్యారంటీ ముగింపు' అని అర్థమొచ్చే పొడి అక్షరాలుంటే అది తయారీ తేదీ కాదు, అయిదేళ్ల గ్యారంటీ తీరే తేదీ. అందులోంచి అయిదు తీసేయాలి. మన వైసులన్నిటికీ ఇలాంటి ముద్ర ఒకటుంటే ఈ సంఘానికి సగం పని తగ్గేది. "వచ్చేటప్పుడు తెస్తావా?" అని అడిగితే, సూట్‌కేసులో అది పెడితే ఆవకాయ జాడీలకు, పెళ్లి చీరలకు చోటుండదని ఇంట్లో ఆవిడ పక్కనుంచే తేల్చిచెప్పారు.

ఇక కమ్మరి వైస్. నల్లగొండ వైపు ఒక ఊళ్లో కొలిమి మూతపడిందని, లెగ్ వైస్ అమ్ముతారని విని ముగ్గురం వెళ్లాం. బెంచ్ వైస్ బీడుతో పోతపోసినది, సమ్మెట దెబ్బకు ఆగదు. లెగ్ వైస్ కొట్టి సాగదీసిన ఇనుము. దాని కాలు నేల దాకా దిగి దెబ్బను భూమిలోకి దించుతుంది. దవడలు మడతబందు మీద తెరుచుకుంటాయి కాబట్టి సమాంతరంగా ఉండవు, లావు వస్తువును అంచుతోనే పట్టుకుంటాయి. ఆ వైస్ స్క్రూ పెట్టె మీద మసి తుడిస్తే 'సాలిడ్ బాక్స్' అన్న మాటలు చదవగలిగాం. ఇంగ్లాండ్‌లో డడ్లీ ఊరి పీటర్ రైట్ దాగలులకే (కమ్మరి ఇనుము కొట్టే దిమ్మలకే) కాదు, ఆ రకం వైసులకూ పేరుపడ్డవాడు. పేరున్న చోట మాత్రం అరిగిపోయింది కాబట్టి రిజిస్టర్‌లో ప్రశ్నార్థకంతోనే రాశాం. బేరం మొదలుపెట్టబోతే ఇంటి పెద్దాయన, "అమ్మేదని ఎవరు చెప్పిన్రు బిడ్డా? మా నాయిన సమ్మెట ఏసినప్పుడు నేను పట్టుకున్న వైస్ అది" అన్నారు. అమ్మకం మాట పెద్దకొడుకు లేపిందట. మేం మళ్లీ ఆ మాటెత్తలేదు. బిగుసుకుపోయిన మడతబందులో డీజిల్ పోసి, విరిగిన కమాను బదులు లారీ కమాన్ పట్టీ ముక్క కోసి పెట్టి, స్క్రూకి గ్రీజు రాసి వచ్చేశాం. ఈ ఏడు మనం చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే, మన దగ్గర వస్తువు లేకపోయినా సరే.

మరమ్మతుల లెక్క ఇది. మొత్తం 14 వైసులు వచ్చాయి, 9 పూర్తయ్యాయి, 3 నడుస్తున్నాయి, 2 విడి భాగాలకు పక్కన పెట్టాం. విరిగి వచ్చినవాటిలో దాదాపు అన్నిటి కథా ఒకటే: బిగుతు చాలలేదని హ్యాండిల్‌కి పైపు తొడిగి వేలాడటం. హ్యాండిల్ పొడవు తయారుచేసినవాడు లెక్క చూసే పెడతాడు. పైపు తొడిగితే ముందు హ్యాండిల్ వంగుతుంది, అది వంగకపోతే నట్ పగులుతుంది, అదీ ఆగితే బీడు దవడే చీలుతుంది. చీలిన బీడుకు మామూలు రాడ్ వెల్డింగ్ పెట్టించి తేవద్దు, పక్కనే ఇంకో పగులు వస్తుంది. నికెల్ రాడ్‌తోనో, ఇత్తడి పోసో, అదీ ముక్క మొత్తాన్ని వేడి చేసి అతికాక, బూడిదలో కప్పి రాత్రంతా చల్లారనివ్వాలి. మనం అలా చేయించిన రెండింటిలో ఒకటి నిలిచింది. రెండోది బూడిదలోనే టప్‌మంది.

తుప్పుకు నిమ్మ ఉప్పు నీళ్లు చాలు: లీటరుకు 50 గ్రాములు, ఒక రాత్రి. పొద్దున్నే తీసి సోడా నీళ్లతో కడిగి, వెంటనే ఎండబెట్టి నూనె పట్టించాలి. ఆలస్యమైతే టీ తాగి వచ్చేలోపు లేత తుప్పు పట్టేస్తుంది. కరెంటుతో తుప్పు వదిలించే పద్ధతి గురించి హెచ్చరిక ఉంది. బట్టల సోడా నీళ్లు, బ్యాటరీ చార్జర్, వైస్‌కి నెగెటివ్, పాజిటివ్‌కి మామూలు ఇనప ముక్క, అంతవరకు సరే. ఒక యువ సభ్యుడు పాజిటివ్‌కి స్టీలు గరిటె కట్టాడు. నీళ్లు పసుపురంగుకు తిరిగాయి. స్టెయిన్‌లెస్ స్టీలులోని క్రోమియం అలా విషపు రూపంలో నీళ్లలోకి దిగుతుంది, తాకకూడదు, కాలవలో పోయకూడదు. ఆ బకెట్టును వదిలించుకోవడానికి పడ్డ తిప్పలు వాడే సభలో చెబుతాడు. ఇనప ముక్కే వాడండి. నీళ్లలోంచి హైడ్రోజన్ లేస్తుంది కాబట్టి గదిలో కాదు, ఆరుబయట పెట్టండి. పాత రంగుల్లో సీసం ఉంటుంది. పొడిగా రుద్దకండి, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

జా ప్లేట్లకు కూడా లారీ కమాన్ పట్టీయే మనకు బంగారం. కాల్చి మెత్తబరిచి, రంధ్రాలు వేసి, గళ్లు కోసి, మళ్లీ ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, గడ్డి రంగు వచ్చేదాకా టెంపర్ చేయాలి, అంటే పెళుసు తగ్గేలా మెల్లగా మళ్లీ వేడిచేయాలి. బాలానగర్ టర్నర్ ఒకాయన మన కోసం చదరపు మరల స్క్రూ కోసిచ్చి, కూలి మాత్రం తీసుకుని స్టీలు డబ్బులు వద్దన్నారు. దవడ మీద హ్యాక్సా గాట్లు, డ్రిల్ గుంటలు పూడ్చాలా వద్దా అని ఒక సమావేశమంతా వాదన నడిచింది. ఓటు పెడితే వద్దనేవాళ్లే గెలిచారు. నేనూ వాళ్ల పక్షమే.

పూర్తయిన వాటిలో 3 ఒక ఐటీఐ ఫిట్టర్ ట్రేడుకు, 1 సైకిల్ షాపుకు ఇచ్చాం. ఐటీఐలో బల్ల పొట్టిదని చూసి కింద చెక్క దిమ్మ వేయించాం. ఆకురాయి పట్టేవాడి మోచేతి ఎత్తుకు దవడ పైభాగం రావాలి, లేకపోతే సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. మిగిలిన 5 సభ్యుల దగ్గరే వాడకంలో ఉన్నాయి.

జమాఖర్చులు: చందాలు, విరాళాలు కలిపి రూ. 21,400 వచ్చాయి. వెల్డింగు, టర్నింగు, రసాయనాలు, ఆటో కిరాయిలకు రూ. 18,950 అయింది. ఆటో కిరాయిలే ఎక్కువ, ఎందుకో ఒక 6 అంగుళాల వైస్ ఎత్తి చూస్తే అర్థమవుతుంది. కోశాధికారి గారు రశీదులన్నీ సభకు తెస్తారు. ఉపాధ్యక్ష పదవి ఈసారీ ఖాళీగానే ఉంది. సంఘం పుట్టిన రోజు నుంచి "వైసుల సంఘానికి వైస్ ప్రెసిడెంట్ లేడా?" అన్న జోకు వినని సమావేశం లేదు కాబట్టి, ఎవరైనా ముందుకొచ్చి దాన్ని ఆపాల్సిందిగా కోరుతున్నాను.

రిజిస్టర్ మొదటి పుస్తకం నిండింది. రెండోది కొన్నాం, మొదటి పేజీ ఖాళీగా వదిలాను. ఎర్రగడ్డ వైస్ సభకు తెస్తున్నాను. ఆ సగం అక్షరాన్ని భూతద్దం పెట్టి చూసి ఎవరికేమనిపిస్తే అది ఆ పేజీలో రాయండి.

కార్యదర్శి