ఇన్సులేటరు మీద చేరిన తేమ

ఎర్రగుంట్ల,
కడప జిల్లా.

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. కాలేజీ ల్యాబులో ముందురోజు మెగ్గరుతో, అంటే నిరోధం కొలిచే పరికరంతో, కొలిచిన పింగాణీ ఇన్సులేటరునే, అంటే కరెంటును పోనివ్వని ఆ వస్తువునే, ముసురు పట్టిన రోజున మళ్లీ కొలిస్తే నిరోధం బాగా తగ్గిందనీ, వస్తువు అదే అయినప్పుడు గుణం ఎలా మారిందనీ అడిగావు. మారింది పింగాణీ కాదమ్మా, దాని పైన చేరిన తేమ.

పింగాణీలోనూ గాజులోనూ ఎలక్ట్రాన్లు తమ పరమాణువులను విడిచి స్వేచ్ఛగా తిరగలేవు కనుక వాటి గుండా కరెంటు దాదాపు పోదు. 1729లో ఇంగ్లండులో స్టీఫెన్ గ్రే అనే శాస్త్రజ్ఞుడు పట్టుదారాల మీద వేలాడదీసిన పొడవాటి తాడు గుండా విద్యుత్తును పంపగలిగాడు. పట్టుదారం తెగిపోయిందని ఇత్తడి తీగ కట్టేసరికి విద్యుత్తు ఆ తీగ వెంట జారిపోయింది. ఆధారం ఎంత సన్ననిదన్నది కాక, ఏ పదార్థంతో చేసినదన్నదే ముఖ్యమని ఆ విధంగా తేలింది.

అయితే పదార్థం మంచిదైనంత మాత్రాన సరిపోదని లైన్ల మీద పనిచేసిన నాకు బాగా తెలుసు. మన వైపు సిమెంటు దుమ్ము తీగలను మోసే పింగాణీ డిస్కుల మీద పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతకాలం దానివల్ల పెద్ద హాని లేదు. చలికాలం తెల్లవారుజామున మంచు పడినప్పుడు ఆ దుమ్ములోని లవణాలు కరిగి, పింగాణీ ఉపరితలం మీదుగానే కరెంటుకు దారి ఏర్పడుతుంది. మొదట చిటపటమని శబ్దం, తరువాత నీలి మెరుపులు, చివరికి ఫ్లాష్ ఓవరై, అంటే కరెంటు ఆ ఉపరితలం మీదుగా మెరుపులా దూకి, లైను ట్రిప్పవుతుంది, అంటే దానంతట అదే ఆగిపోతుంది. జోరువాన ఆ దుమ్మును కడిగివేస్తుంది కనుక నేను వానకన్నా మంచుకే ఎక్కువ భయపడేవాణ్ణి. అటువంటి ఒక ఉదయం లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపించి పనిచేసే అనుమతి, తీసుకొని, స్తంభమెక్కి, డిస్కులను ఒక్కొక్కటిగా గుడ్డతో తుడిచిన తరువాతనే 33 కేవీ (కిలోవోల్టుల) లైను ట్రిప్పవకుండా నిలబడింది.

డిస్కు అడుగున గాడులు ఉండడానికీ కారణం ఇదే. అవి ఉపరితలపు దారిని పొడిగిస్తాయి, వానలోనూ కొంత భాగాన్ని తడవకుండా కాపాడతాయి. 132 కేవీ లైనుకు సాధారణంగా తొమ్మిది డిస్కులు వేలాడదీసినా అవన్నీ వోల్టేజిని సమానంగా పంచుకోవు. తీగకు దగ్గరగా ఉన్న డిస్కు మీదనే ఎక్కువ వోల్టేజి పడుతుంది. స్తంభానికి ఆనుకొని నిలబడే గొర్రెల కాపరి ప్రాణం ఆ పింగాణీ మీదనే ఆధారపడి ఉందని పనిచేసినన్నాళ్లూ నేను మరువలేదు.

ఈసారి ఆ ఇన్సులేటరును పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, కాసేపు ఎండలో ఆరనిచ్చి మళ్లీ కొలువు. తుడవకముందు, తుడిచిన తరువాత వచ్చిన రీడింగులు రెండూ నాకు రాయి.

నాన్న