వార్షిక నివేదిక 2024–25: ఏటిమొగ రేవు దాటిన మన పిల్లలు

సభ్యులందరికీ నమస్కారం.

కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ చుట్టుపక్కల స్థిరపడ్డ మన దివిసీమ వాళ్ల సంఘం తరఫున ఏటా ఈ నివేదిక రాసిపెట్టడం కార్యదర్శిగా నా పని. అన్ని కార్యక్రమాలకూ సమానంగా చోటివ్వడం ఆనవాయితీ. ఈసారి అది నా వల్ల కాలేదు.

ముందు మామూలువి చెప్పేస్తాను. సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు దిగువకు వచ్చినప్పుడు మన లంక గ్రామాల వాళ్లకు బియ్యం, దుప్పట్లు పంపాం. రెండు రోజుల్లో లారీ నింపిన మహిళా విభాగానికి ప్రత్యేక ధన్యవాదాలు. కార్తీక వనభోజనాల్లో పులిహోర చాలలేదన్న ఫిర్యాదు నిజమే. ఎంతమంది వస్తారో చెప్పమని వాట్సాప్‌లో మూడుసార్లు అడిగితే పలికినవాళ్లు సగం మందే, వచ్చినవాళ్లు మాత్రం అందరూ. నవంబరు 19న 1977 ఉప్పెన సంస్మరణ సభ ఎప్పటిలాగే జరిగింది. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు.

ఇక అసలు సంగతి. జనవరిలో, సంక్రాంతి వెళ్లాక, జపాన్‌లోని షోదోషిమా ద్వీపం నుంచి ఎనిమిది మంది కుర్రకారు పది రోజులకు మన దగ్గరికి వచ్చారు. మన సభ్యుల అమ్మాయి ఒకామె అక్కడికి దగ్గర్లోని తకమత్సులో చదువుకుంటోంది. ఆమె చొరవ వల్లే ఇది కుదిరింది. వాళ్లకు మన లంక ఊళ్ల బతుకు చూపించాలి, తోడుగా మన పిల్లలు పన్నెండు మంది వెళ్లాలి అని అనుకున్నాం. వచ్చే ఏడు మన పిల్లలు వాళ్ల ద్వీపానికి వెళ్తారు.

మొదటి నాలుగు రోజులు హైదరాబాద్‌లో మన ఇళ్లలోనే ఉన్నారు. చార్మినార్, గోల్కొండ, ఇరానీ చాయ్ అన్నీ అయ్యాయి, వాటి గురించి రాయను. హుస్సేన్‌సాగర్ మాత్రం చెప్పాలి. పడవ దిగి బుద్ధుడి విగ్రహం కింద నిలబడ్డాక ఒకబ్బాయి “ఇది కూడా ద్వీపమేనా?” అన్నాడు. నవ్వుకున్నాం కానీ, కాదని ఎలా అంటాం? 1990లో విగ్రహాన్ని తీసుకెళ్తుండగా పంటు (బల్లకట్టు లాంటి పడవ) ఒరిగి నీళ్లలో మునిగిందని, మళ్లీ పైకి తీసి నిలబెట్టేసరికి 1992 డిసెంబరు వచ్చిందని చెప్పాను. మన పిల్లల్లో సగం మందికి ఈ సంగతి అప్పుడే తెలిసింది.

ఆ రాత్రి కమ్యూనిటీ హాల్లో వాళ్లు తమ ద్వీపం గురించి చెప్పారు. షోదోషిమాకు వంతెన లేదు. తకమత్సు నుంచి ఓడలో గంట ప్రయాణం. 1908 నుంచి ఆలివ్ తోటలు వేస్తున్నారు. మనిషెత్తు దాటిన చెక్క పీపాల్లో సోయా సాస్ పులియబెడతారు, కొన్ని పీపాల వయసు వందేళ్లు దాటింది. పిల్లలు తగ్గిపోవడంతో 2017లో రెండు ఉన్నత పాఠశాలలను కలిపి ఒకటి చేశారు. చదువు అవ్వగానే ఒసాకాకో టోక్యోకో వెళ్లిపోతారట. ముసలివాళ్లు పోయాక తాళం పడ్డ ఇంటిని ‘అకియా’ అంటారట. 2023 లెక్కల్లో జపాన్ మొత్తం మీద అలాంటి ఇళ్లు 90 లక్షలు తేలాయి. ఈ మాట దగ్గర హాల్లో మన పెద్దలు కొందరు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఎందుకో చివర్లో చెప్తాను.

ప్రయాణం నాడు మొదటి దెబ్బ తగిలింది. మాట్లాడుకున్న ట్రావెల్స్ వాళ్లు పెద్ద బస్సని చెప్పి చిన్నది పంపారు. సామాను ఒళ్లో పెట్టుకునే రాత్రంతా వెళ్లాం. తెల్లారి ఘంటసాలలో ఆగి బౌద్ధ స్తూపం చూసి, మోపిదేవి, పులిగడ్డ మీదుగా నాగాయలంక చేరాం. కృష్ణ పులిగడ్డ దగ్గర రెండుగా చీలుతుందని, ఆ పాయల మధ్యదే మన దివిసీమ అని దారిలో చెబుతుంటే మేలుకుని విన్నది జపాన్ పిల్లలే.

ఏటిమొగ రేవులో పంటు ఎక్కితే అవతల ఎదురుమొండి దీవి. మోటారు సైకిళ్లు, ఆటోలు, గడ్డి మోపులు, మనుషులు, అన్నీ దాని మీదే. పంటు మీద ఒక పెద్దమ్మ చేపల తట్ట పక్కన కూర్చుని జపాన్ అమ్మాయిని “మీదే ఊరమ్మా?” అని అడిగింది. ముందు రోజే నేర్చుకున్న మాటతో ఆ పిల్ల “షోదోషిమా. లంక” అంది. పెద్దమ్మ తృప్తిగా తలూపి మన పిల్లల్లో ఒకడి వైపు తిరిగింది. “కేపీహెచ్‌బీ, సిక్స్త్ ఫేజ్” అన్నాడు వాడు. “అది కాదయ్యా, నీ మొహంలో మా ఊరి పోలికేదో ఉంది. ఎవరి తాలూకు?” వాడికి తాత ఇంటిపేరు తెలుసు కానీ ఏ పల్లెదో తెలియదు. పంటు నడి ఏట్లో ఉండగా వాళ్ల నాన్నకు ఫోన్ చేశాడు, సిగ్నల్ దొరకలేదు. అవతల ఒడ్డు దిగేలోపు పెద్దమ్మే ఆరాలు తీసి తేల్చేసింది. తనకు మేనరికం వరసట.

ఎదురుమొండిలో మూడు రోజులున్నాం. మడ అడవి అంచున బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన తెల్లమడ శ్వాసవేళ్లు చూశారు. బావురుపిల్లి అడుగుజాడలు మాత్రమే కనిపించాయి. మన పిల్లలు కొందరు తెల్ల బూట్లతో దిగి బురదలో ఒక బూటు వదిలేసి వచ్చారు. అతిథుల కోసం మోసుకెళ్లిన బ్రెడ్డు, జామ్ అలాగే మిగిలిపోయాయి. వాళ్లు రెండు పూటలా చేపల పులుసే అడిగారు. తప్పు నాదే.

మండపీతను కట్టడం నేర్చుకునే పోటీ ఒకటి దానంతటదే మొదలైంది. వెనక నుంచి కాలితో మెల్లగా అదిమి, డెక్కలు లోపలికి మడిచి, తాడు అడ్డంగా తిప్పి బిగించాలి. తడబడితే వేలు పోతుంది. నేర్పిన కుర్రాడు ఎనిమిదో తరగతి. మూడో ప్రయత్నంలో కట్టింది షోదోషిమా అమ్మాయి. ఆమె తాత జాలరి. మనవాళ్లలో ఒక్కరికీ రాలేదు. నాకూ రాలేదు, అరవై దాటిన నేనూ అక్కడ పుట్టినవాణ్నే.

రెండో రాత్రి మా ఉపాధ్యక్షుల వారు ఉప్పెన గురించి చెప్పారు. 1977 నవంబరు 19, శనివారం. అప్పటికి ఆయనకు పదమూడేళ్లు. తాటిచెట్టును కరుచుకుని రాత్రంతా ఉన్నారు. తెల్లారి చూస్తే ఊరు లేదు. ప్రభుత్వ లెక్కలోనే దాదాపు పదివేల మంది పోయారు. మన సీమలో ఇప్పటికీ వయసులు, పెళ్లిళ్లు ‘ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత’ అనే లెక్కిస్తారు. సునామీ అన్న మాట వాళ్లదే, అర్థం రేవు కెరటమని. అది భూకంపం వల్ల లేస్తుంది, ఉప్పెనను తుఫాను గాలి తోసుకొస్తుంది. రెండూ ఒకటి కాదని వాళ్లూ మనవాళ్లూ కలిసి నేల మీద పుల్లతో గీసుకుని తేల్చుకున్నారు. మన సభ్యుల మనవరాలు ఒకామె పక్కకొచ్చి “ఇది మా తాత మాకెప్పుడూ చెప్పలేదు” అంది. ఆమె తాత కూకట్‌పల్లిలో నా పక్క వీధిలోనే ఉంటారు. నేను చెప్పమనలేదు, ఆయన చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో పాటు వేళ నీళ్లు తగ్గి పంటు ఇసుక మేట మీద కూర్చుండిపోయింది. పోటు వచ్చేదాకా రెండు గంటలు కదల్లేదు. మన పిల్లలు చిరాకుపడ్డారు. వంతెన ఎప్పుడొస్తుందని పంటు వాళ్లను నిలదీస్తే వాళ్లు నవ్వారు. ఆ మాట వాళ్లకు మనకంటే ఎక్కువ పాత. జపాన్ పిల్లలు టోపీలు మొహం మీదికి లాక్కుని పడుకున్నారు.

మేం బయటి పిల్లలకు ఊరు చూపించాలనుకుని బయల్దేరాం. పంటు ఎక్కాక బయటివాళ్లెవరో తేలిపోయింది. కార్యవర్గంలో కొందరికి ఈ మాట నచ్చలేదు, రాయొద్దన్నారు. రాశాను.

వచ్చే ఏటికి రెండు ప్రతిపాదనలు. ఒకటి, షోదోషిమా వెళ్లాలనుకునే పిల్లలు ముందు వేసవిలో కనీసం పది రోజులు ఎదురుమొండిలో ఉండి రావాలి. పాస్‌పోర్టుల పని ఇప్పుడే మొదలుపెట్టండి. రెండు, వాళ్లకు అక్కడ బస కావాలి. మనలో పదకొండు కుటుంబాల ఇళ్లు దీవిలో తాళాలు వేసి ఉన్నాయి, మాదీ అందులో ఒకటి. తాళం చెవులు సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు తెచ్చి ఇవ్వండి. మా ఇంటి చెవి ఇప్పటికే సంఘం బీరువాలో ఉంది. తాళం తుప్పు పట్టింది, వెళ్లేవాళ్లు కాస్త కొబ్బరినూనె పట్టుకెళ్లాలి.

మీ కార్యదర్శి